ఆఖరి పీరియడ్‌లో చదివిన పుస్తకం

రావులపాలెం దాటి ఏటిగట్టు పట్టుకుని గోదావరి లంకల వైపు వెళ్తే మా బడి వస్తుంది. ఎనిమిదో తరగతి వరకూ ఉన్న ప్రభుత్వ పాఠశాల. అక్కడ నేను తెలుగు చెబుతాను. మూడేళ్ల క్రితం, వేసవి సెలవులయ్యి బడి తెరిచిన రోజున ఆఫీసు గదిలో బల్ల కింద ఒక అట్టపెట్టె కనిపించింది. లైబ్రరీ కోసం వచ్చిన పిల్లల పుస్తకాలు. పేజీకో బొమ్మ ఉండే చిన్న పిల్లల పుస్తకాలు కావవి. కథ అధ్యాయాలుగా సాగుతుంది, బొమ్మ అధ్యాయానికొకటే. అలాంటివి మా పిల్లలు అప్పటిదాకా ముట్టుకోలేదు.

ఎవరు ఏరి పంపారో గాని, చాలా పుస్తకాల్లో కథ నడిపేది మహా తెలివైన పిల్లలే. ఒకదాంట్లో పాడైపోయిన రేడియోలు విప్పి బిగించే అమ్మాయి, మరోదాంట్లో విన్న ప్రతి భాషా నేర్చేసుకునే కుర్రాడు. మా హెడ్మాస్టరుగారు రెండు మూడు తిరగేసి కళ్లజోడు నుదుటి మీదకి జరుపుకున్నారు. ఆయన లెక్కలు చెబుతారు. మాట తక్కువ.

"ఇవి మన పిల్లలకెందుకమ్మా? ఫస్టొచ్చేవాడి కథ చదివి వినిపిస్తే లాస్టొచ్చేవాడు ఇంకా కుంగిపోతాడేమో" అన్నారు.

ఆ అనుమానం నాకూ ఉంది. అయినా మధ్యాహ్న భోజనం తిన్నాక ఆఖరి పీరియడ్‌లో ఏడో తరగతికి వ్యాకరణం చెప్పడం ఎంత కష్టమో చెప్పిన వాళ్లకే తెలుస్తుంది. ఆ తూగే కళ్లకి సంధులూ సమాసాలూ ఎక్కవు. రోజుకో అధ్యాయం చదువుతాను, సిలబస్ వెనకబడితే మానేస్తాను అని ఆయనతో ఒప్పందం చేసుకున్నాను.

మొదట ఇంగ్లిషు పుస్తకం తీసుకున్నాను, రెండు భాషలూ కలిసొస్తాయని. రెండో రోజుకే సగం తరగతి బల్లల మీద తల వాల్చేసింది. మూడో రోజు దాన్ని అలమరలో పెట్టేసి, తెలుగులోకి అనువాదమైనది ఒకటి తీశాను. కొండ ఊళ్లో బస్సు డ్రైవరు కొడుకు కథ అది. ఆ కుర్రాడు ఎంత పెద్ద లెక్కయినా కాగితం ముట్టుకోకుండా చేసేస్తాడు. పాఠం సగంలో ఉండగానే మిగతా సగం అర్థమైపోతుంది. మాస్టార్లు మురిసిపోతారు. తోటి పిల్లలు మాత్రం వాణ్ణి క్రికెట్లో చేర్చుకోరు. వాడిని పేరుతో కూడా పిలవరు, కంప్యూటర్ అంటారు.

ఈసారి తలలు లేచాయి. అధ్యాయం అయిపోయి పుస్తకం మూసేస్తే, "ఇంకొంచెం చదవండి టీచర్" అని గోల. మా పిల్లలు దానికి సీరియల్ పీరియడ్ అని పేరు పెట్టారు. ఆ పీరియడ్‌కి ముందు ఇళ్లకి పారిపోయేవాళ్లు కూడా ఆగడం మొదలుపెట్టారు. హెడ్మాస్టరుగారు హాజరుపట్టీ చూసి ఏమీ అనలేదు. అంటే ఒప్పుకున్నట్టే.

ఆ తరగతిలో రెండో బల్ల మీద ఇద్దరు అమ్మాయిలు కలిసి కూర్చునేవారు. ఒకమ్మాయి వాళ్లది గట్టు కింద, గోదావరి ఒడ్డున చేపలు పట్టేవాళ్ల పేట. నాన్న పడవ మీద వేటకి వెళ్తాడు, అమ్మ పొద్దున్నే గట్టు మీద చేపల బుట్ట పెట్టుకుని కూర్చుంటుంది. రెండో అమ్మాయి వాళ్లకి అరటితోటలున్నాయి, గెలలు కోతకొచ్చినప్పుడు వ్యాన్లు వాళ్ల ఇంటి ముందే ఆగుతాయి. ఇక్కడ పేర్లు రాయదలచుకోలేదు కనుక ఒకరిని గట్టు కింద అమ్మాయి అనీ, ఒకరిని తోట అమ్మాయి అనీ అంటాను.

ఇద్దరికీ ఒకటో తరగతి నుంచీ స్నేహం. బడికి వచ్చేటప్పుడు గట్టు మలుపు దగ్గర ఒకరి కోసం ఒకరు ఆగుతారు. తోట అమ్మాయి అన్నిటికీ చెయ్యెత్తుతుంది, చక్కటి దస్తూరి, క్లాసులో దాదాపు ఎప్పుడూ ఫస్టు. గట్టు కింద అమ్మాయి సెకండో థర్డో వస్తుంది. అడిగితే చెబుతుంది, అడగకపోతే కిటికీలోంచి బయటకి చూస్తూ కూర్చుంటుంది. పాఠం వింటోందో లేదో తెలిసేది కాదు. పరధ్యానం మనిషి అని మా స్టాఫ్ అంతా అనుకునేవాళ్లం.

వానలు ముదిరిన రోజుల్లో, పుస్తకం సగానికి వచ్చాక ఒక అధ్యాయం చదివాను. ఆ కొండ ఊరి కుర్రాడికి విసుగొస్తుంది. అందరిలాంటివాడైపోతే ఆటలో చేర్చుకుంటారనుకుని, పరీక్షలో అన్ని లెక్కలూ కావాలని తప్పు చేస్తాడు. మాస్టారు ఆ కాగితం పట్టుకుని వాడి వంక అనుమానంగా చూడడంతో అధ్యాయం అయిపోతుంది.

నేను పుస్తకం మూసి, "వాడు చేసింది మంచి పనేనంటారా?" అని అడిగాను.

"పిచ్చోడండి. వచ్చినవి వదులుకుంటారేంటండి?" అన్నాడు ఒకడు. అందరూ నవ్వారు.

అప్పుడు రెండో బల్ల మీంచి, కిటికీ వంక చూస్తూనే, గట్టు కింద అమ్మాయి అంది: "అన్నీ తప్పు రాస్తే దొరికిపోతాడండి. అలా రాయకూడదు. పెద్ద లెక్క చివర్లో ఒక్కటి మార్చాలి. సోషల్లో అయితే తెలిసినదొకటి వదిలేయాలి. అప్పుడెవరికీ తెలీదండి."

ఇల్లు ఎలా ఊడ్వాలో చెప్పినంత మామూలుగా చెప్పింది. పిల్లలు మళ్లీ నవ్వారు. నేనూ నవ్వబోయి, ఆమె పక్కన కూర్చున్న తోట అమ్మాయి ముఖం చూసి ఆగిపోయాను. ఆ పిల్ల నవ్వలేదు. మెల్లగా తల తిప్పి స్నేహితురాలి వంక చూసింది. అప్పుడు గట్టు కింద అమ్మాయికి తను ఏమందో అర్థమైనట్టుంది. తల వంచేసుకుంది. ఇంతలో బెల్లు కొట్టారు.

మర్నాడు తోట అమ్మాయి వచ్చి వెనక బల్ల మీద కూర్చుంది. రెండో బల్ల మీద గట్టు కింద అమ్మాయి ఒక్కతే. నేను కలగజేసుకోలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలు కంచాలు కడుక్కునే కుళాయిల దగ్గర నుంచి గొంతులు వినబడ్డాయి. స్టాఫ్ రూము కిటికీ కుళాయిల వైపే ఉంటుంది.

"నేనడిగానా నిన్ను?" అంటోంది తోట అమ్మాయి.

"అడగలేదు."

"మరెందుకు తప్పు రాశావ్?"

"నువ్వు సెకండొస్తే మీ వాళ్లు కాన్వెంటులో వేసేస్తామన్నారు కదా. నువ్వే చెప్పావ్ ఏడుస్తూ, ఆరో క్లాసులో."

"అయితే?"

"అయితే ఏంటి? నువ్వు బస్సెక్కి వెళ్లిపోతే నేనెవరితో కూర్చుంటాను?"

కుళాయి నీళ్లు పోతూనే ఉన్నాయి, ఎవరూ కట్టలేదు. కాసేపటికి తోట అమ్మాయి గొంతు మళ్లీ వినబడింది. ఈసారి కోపం లేదందులో.

"నేను నిజంగానే ఫస్టొస్తున్నాననుకున్నాను."

ఆరో తరగతిలో ఒకే ఒక్కసారి గట్టు కింద అమ్మాయి ఫస్టొచ్చింది, నాకు గుర్తే. ఆ తరువాత ఎప్పుడూ రాలేదు. ఏదో ఒకసారి అదృష్టం కలిసొచ్చిందనుకున్నాం. వెనకాల ఇంత కథ ఉందని ఎవరికి తడుతుంది?

నేను బయటికెళ్లి కుళాయి కట్టేశాను. ఇద్దరూ బెదురుగా నిలబడ్డారు. "కంచాలు లోపల పెట్టి రండి" అన్నాను. ఇద్దరూ చెరో వైపు నుంచీ లోపలికి వెళ్లారు.

ఆ సాయంత్రం హెడ్మాస్టరుగారికి జరిగినదంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తరువాత, "నా క్లాసులో లెక్క ఇచ్చిన నిమిషానికే ఆ పిల్ల కిటికీ వైపు తిరుగుతుందమ్మా. రాక తిరుగుతోందనుకున్నాను. అయిపోయి తిరుగుతోందన్నమాట" అన్నారు.

రెండు రోజుల తరువాత బడి వదిలే వేళకి తోట అమ్మాయి వాళ్లమ్మ స్కూటీ మీద వచ్చింది. డిగ్రీ చదివినావిడ, క్లాసు వాట్సాప్ గ్రూపులో హోంవర్కు గురించి ముందుగా అడిగేది ఆవిడే. వరండాలో నిలబడి, "మేడం గారూ, ఒక్క మాటండి" అంది.

"చెప్పండి."

"మీరేదో కథ చదువుతున్నారంట కదండి. అది విన్నప్పట్నించీ మా అమ్మాయి సరిగ్గా అన్నం తినట్లేదండి. తను ఫస్టు కాదంట, ఆ పిల్ల వదిలేస్తే తనకొచ్చిందంట. నిజమేనాండి?"

కుర్చీ చూపించి కూర్చోమన్నాను. "మీ అమ్మాయి మార్కులు మీ అమ్మాయివేనండి. చదివి తెచ్చుకుంది, వాటిలో ఎవరూ కలిపింది లేదు. ముందుండాల్సిన పిల్ల కావాలని వెనక నిలబడింది. అంతేనండి."

"ఎందుకండి?"

"మీ అమ్మాయిని కాన్వెంటుకి పంపేస్తారని భయపడి."

ఆవిడ ముఖం కందిపోయింది. చేతిలోని స్కూటీ తాళం అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. "ఆరో క్లాసులో ఆ పిల్ల ఫస్టొచ్చిన రోజు మా అత్తగారు ఒక మాటన్నారండి. చేపలమ్ముకునేవాళ్ల పిల్లకి వచ్చిన మార్కులు మన పిల్లకి రాలేదా అని. నాకు చిన్నతనం అనిపించి, ఆ కోపంలో కాన్వెంటులో వేస్తామన్నాను. భయపడితే బాగా చదువుతుందని. ఆ మాట వెళ్లి ఆ పిల్ల చెవిలో పడుతుందని నాకేం తెలుసండి?"

వెళ్లడానికి లేచి, "ఆ పుస్తకం ఒకసారి ఇస్తారా? రేపు పంపించేస్తాను" అని అడిగింది. ఇచ్చాను.

మర్నాడు పుస్తకం రాలేదు. ఆఖరి పీరియడ్‌లో పిల్లలు నన్ను దోషిని చూసినట్టు చూశారు. మా సీరియల్ ఏదండి అని అడిగితే, ఒకరు చదువుకోవడానికి తీసుకున్నారని చెప్పాను. తోట అమ్మాయి వెనక బల్ల మీద తల వంచుకుంది. తరువాతి రోజు వాళ్లమ్మ స్వయంగా తెచ్చింది. పెళ్లయ్యాక ఒక పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదవడం ఇదేనంది.

"ఆ కుర్రాడు కావాలని తప్పు రాస్తున్నాడని వాళ్లమ్మకి చివరి వరకూ తెలియనే తెలియదండి" అంది. "నాకు ఇప్పుడైనా తెలిసింది. కాన్వెంటు మాట ఇంక ఎత్తనండి. మా అత్తగారికి నేను చెప్పుకుంటాను."

కూతురికి ఏం చెప్పిందో, ఎలా చెప్పిందో నాకు తెలియదు. సోమవారం తోట అమ్మాయి పుస్తకాల సంచీ తెచ్చి రెండో బల్ల మీద ధబ్బున పెట్టింది. నేను హాజరు వేస్తున్నాను.

"ఇదిగో, ముందే చెబుతున్నాను. ఇంకెప్పుడైనా తప్పు రాశావంటే నీ పక్కన కూర్చోను" అంది.

"నువ్వు సెకండొస్తేనో?"

"వస్తే వస్తాను. నీకెందుకు?"

గట్టు కింద అమ్మాయి పక్కకి జరిగి చోటిచ్చింది.

పుస్తకంలో మిగిలిన అధ్యాయాలు ఆ వారంలో అయిపోయాయి. చివరికి ఆ కుర్రాడి తెలివి గుర్తించి, అలాంటి పిల్లల కోసమే ఉన్న పెద్ద బడికి పట్నం పంపిస్తారు. ఊరు ఊరంతా బస్సు దగ్గరికొచ్చి సాగనంపుతుంది. నాకు బాగానే అనిపించింది గాని, మా తరగతికి నచ్చలేదు.

"పట్నం ఎందుకెళ్లాలండి? ఆ మాస్టారే వాడికి పెద్ద లెక్కలు ఇవ్వొచ్చు కదండి" అంది ఒక పిల్ల.

"అక్కడ వాడికి ఫ్రెండ్స్ దొరికారో లేదో రాయలేదండి" అంది గట్టు కింద అమ్మాయి. "అసలుది అదే కదండి."

"మామూలు పిల్లల గురించి పుస్తకాలుండవాండి?" అని మరొకరు. వెతుకుతానని చెప్పాను.

చదువులో ఎప్పుడూ వెనకబడే అమ్మాయి ఒకతె ఉంది. క్లాసులో నోరు విప్పడం అరుదు. ఆ రోజు లేచి నిలబడి, "తెలివైనవాళ్లకి కూడా ఏడుపొస్తుందని నాకు తెలీదండి. వాళ్లకంతా బాగుంటుందనుకున్నాను" అంది. హెడ్మాస్టరుగారి అనుమానం నాకు గుర్తొచ్చింది. ఆ పిల్ల కుంగినట్టు కనిపించలేదు. ఎవరి మీదో జాలిపడుతూ, కాస్త నిటారుగానే నిలబడింది. స్టాఫ్ రూములో ఆ మాట చెబితే హెడ్మాస్టరుగారు, "అయితే ఇంకో పుస్తకం మొదలెట్టండమ్మా" అన్నారు.

వరద సెలవుల తరువాత పెట్టిన యూనిట్ టెస్టులో గట్టు కింద అమ్మాయి ఏదీ వదల్లేదు. లెక్కల్లో ఒక్క మార్కూ పోలేదు. తోట అమ్మాయికి థర్డు వచ్చింది, మధ్యలో మరొకడు దూరాడు. ఆ రోజంతా మూతి ముడుచుకునే ఉంది. "సెకండైనా వస్తుందనుకున్నానండి" అని నా దగ్గర గొణిగింది. కానీ బల్ల మారలేదు.

ఆ తరువాత హెడ్మాస్టరుగారు తన పని మొదలుపెట్టారు. లెక్కల పీరియడ్‌లో ఆ అమ్మాయి కిటికీ వైపు తిరగగానే ఎనిమిదో తరగతి లెక్కొకటి ముందు పెట్టేవారు. అది అయిపోతే మరొకటి. కొన్నాళ్లకి ఆమెను ఎనిమిదో తరగతి లెక్కల క్లాసులోనే కూర్చోబెట్టారు, మిగతా పాఠాలన్నీ తన తరగతిలోనే. సాయంత్రం ఇంకాసేపు ఉంచి చెబుతానన్నారు. దానికి ఇంట్లో ఒప్పుకోవాలి కనుక వాళ్లమ్మతో మాట్లాడే పని నాకప్పగించారు.

పొద్దున్నే గట్టు మీద స్కూటర్ ఆపాను. ఆవిడ బుట్ట ముందు కూర్చుని బొమ్మిడాయి చేపలు ఏరుతోంది. విషయం మొత్తం చెప్పాను. చేతిలో పని ఆపి విన్నది.

"తప్పు రాసేదాండి? ఇంత కాలం?"

"ఆయ్."

"దానికి ఆ పిల్లంటే ప్రాణమండి, టీచరమ్మగారు. ఇంట్లో ఏ కూరొండినా ఇద్దరికీ పెట్టమంటుంది" అంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "సాయంత్రం ఉంచుకోండి. వాళ్ల నాన్న వెళ్లి తీసుకొస్తాడు. వచ్చినంత మటుకు చెప్పండి, ఆపొద్దు."

అలా నడిచింది ఆ ఏడాదంతా. ఎనిమిదో తరగతికి వచ్చాక రాజమండ్రిలో బడి పిల్లలకి లెక్కల పోటీ ఒకటి పెడుతున్నారని తెలిసింది. హెడ్మాస్టరుగారు ఆమె పేరు పంపారు. ఎవరు తీసుకెళ్లాలా అని మేం ఆలోచిస్తుండగా తోట అమ్మాయి వాళ్లమ్మ ఫోన్ చేసింది. "మా కారులో తీసుకెళ్తానండి. మా అమ్మాయి కూడా వస్తానని గోల చేస్తోంది. మీరూ రండి."

ఆదివారం పొద్దున్న బయలుదేరాం. ముందు కారు నడుపుతూ ఆవిడ, పక్కన నేను. వెనక ఇద్దరు పిల్లలూ, వాళ్ల మధ్య చేపల పులుసు ఉన్న క్యారేజీ. దాన్ని గట్టు కింద అమ్మాయి వాళ్లమ్మ కట్టిచ్చింది, మా అందరికీ సరిపోయేలా. క్యారేజీ ఒలకకుండా తోట అమ్మాయి రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. గోదావరి మీద బ్రిడ్జి దాటుతున్నప్పుడు తోట అమ్మాయి వాళ్లమ్మ అద్దంలోంచి వెనక్కి చూసి, "భయంగా ఉందా అమ్మా?" అని అడిగింది.

"లేదండి, ఆంటీ" అంది గట్టు కింద అమ్మాయి. కానీ తనూ ఒక చేత్తో క్యారేజీ పట్టుకుంది.

పరీక్ష జరిగినంతసేపూ మేం ముగ్గురం బయట చెట్టు కింద నిలబడ్డాం. బెల్లు కొట్టాక పిల్లలు గుంపులుగా వచ్చేశారు గాని గట్టు కింద అమ్మాయి ఎంతకీ రాలేదు. తోట అమ్మాయి కంగారుపడి లోపలికెళ్లబోయింది. అప్పుడు వరండా చివర కనిపించింది. తనంత వయసే ఉన్న మరో అమ్మాయితో కలిసి నేల మీద కూర్చుని, ప్రశ్నపత్రం వెనక ఏదో గీస్తోంది. ఒకరి మాటకి ఒకరు అడ్డొస్తున్నారు.

ఆమెను పిలుచుకొచ్చి కారెక్కించేసరికి ముఖం వెలిగిపోతోంది. అంత మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

"నా పక్కన కూర్చున్న పిల్లండి. కాకినాడంట. ఆఖరి లెక్క నాకు రాలేదండి, తను చేసేసింది. ఎలా చేశావని అడిగితే చూపించింది. నాలుగోది నేను వేరేలా చేశాను, అది తనకి చూపించాను. మా ఇద్దరికీ తెలియంది ఇంకో అబ్బాయికి తెలుసండి. అక్కడ నాకన్నా బాగా చేసేవాళ్లు చాలామంది ఉన్నారండి."

"మరి బాధగా లేదా?" అని తోట అమ్మాయి అడిగింది.

"ఎందుకు?" అంది ఆమె, నిజంగానే అర్థం కానట్టు.

బహుమతుల్లో ఆమె పేరు రాలేదు. కానీ ఆ కాకినాడ అమ్మాయితో ఫోన్లో లెక్కలు పంపుకోవడం మొదలైంది. ఇంట్లో ఫోన్ నాన్నది. ఆయన ఏటి మీదకి వెళ్తే అదీ వెళ్లిపోతుంది. అప్పుడు తోట అమ్మాయి వాళ్లమ్మ ఫోనుకి వచ్చేవి. ఆవిడ వాటిని వరుసగా నాకూ పంపేది, ఇదేమైనా మీకర్థమవుతుందాండి అంటూ.

ఈ ఏడు ఇద్దరూ పదో తరగతిలో ఉన్నారు, పక్క ఊరి హైస్కూల్లో. గట్టు కింద అమ్మాయి ఇంటర్లో లెక్కల గ్రూపు తీసుకుంటానంటోంది. తోట అమ్మాయి ఇంకా తేల్చుకోలేదు, మా బడికొచ్చి పుస్తకాలు పట్టుకెళ్తూ ఉంటుంది. లెక్కలకి మాత్రం స్నేహితురాలి దగ్గరికే వెళ్తుంది. అర్థం కాకపోతే మళ్లీ మొదటి నుంచీ చెప్పించుకుంటుంది. ఆ పిల్ల విసుక్కుంటే ఊరుకోదు.